తొట్టెలకు దూరంగా నిలబడినప్పుడు

మొన్న ఆదివారం మస్కట్ నుంచి ఫోన్ చేసినప్పుడు, మీ అమ్మ దాచిన, నిన్ను ఉయ్యాలలో వేసిన నాటి పాత ఫొటోలు తిరగేస్తూ నువ్వొక మాట అడిగావు. "అమ్మమ్మా, నా తొట్టెల ఫొటోల అందరు నన్ను ఎత్తుకున్నరు. నువ్వెందుకు తలుపు కాడ నిలబడ్డవు?" ఫొటో తీసే అతను అక్కడ నిలబడమన్నాడని చెప్పి నవ్వేశాను. నువ్వు నమ్మినట్టే ఉన్నావు. ఫోన్ పెట్టేశాక మాత్రం ఆ తలుపు నా కళ్ళలోంచి పోలేదు. అందుకే ఇప్పుడు ఫోన్‌లో రికార్డు చేసి సరిగ్గా చెబుతున్నాను బిడ్డా, తీరిక దొరికినప్పుడు విను.

నువ్వు మీ అమ్మ కడుపులో ఉన్న ఏడాదే నా రొమ్ములో గడ్డ తేలింది. కామారెడ్డి డాక్టరమ్మ చెయ్యి పెట్టి చూసి, ఏమీ అనకుండా హైదరాబాదుకు చీటీ రాసింది. ఆపరేషన్ అయింది, సూదులు అయ్యాయి, జుట్టంతా రాలిపోయింది. మీ తాత నా బోడిగుండు చూసి, తిరుపతి ఖర్చు తప్పిందన్నాడు. ఆ మాటకు నవ్విన మనిషి నేనొక్కదాన్నే, ఆయన కూడా నవ్వలేదు. ఆఖరున కరెంటు పెట్టించుకోవాలన్నారు. డాక్టర్లు దానికి రేడియేషన్ అనో ఏదో పేరు చెబుతారు గానీ మా వైపు అందరూ కరెంటు అనే అంటారు. వారమంతా మీ తాతా నేనూ ఆస్పత్రి పక్క సందులో ఒక గదిలో ఉండేవాళ్ళం. శని, ఆదివారాలు మెషిన్‌కు సెలవు కాబట్టి, శుక్రవారం పని కాగానే కామారెడ్డి రైలెక్కి, అక్కడి నుంచి బస్సులో ఎల్లారెడ్డికి వచ్చేవాళ్ళం. ఇంట్లో మీ అమ్మ అప్పటికే నిన్ను కని పురుట్లో ఉంది.

ఆ మెషిన్ గది సంగతి చెప్పాలి. చల్లటి గది, గట్టి బల్ల. బస్సులో సీటు దొరకనప్పుడు పైరాడ్డు పట్టుకుంటామే, అట్లా చెయ్యి తల మీదికి ఎత్తి పడుకోవాలి. ఛాతీ మీద గీతలు గీసి, చెరిగిపోకుండా చూసుకోమన్నారు. అంతా సర్దాక మెషిన్ నడిపే అమ్మాయి "కదలకు అవ్వా" అని చెప్పి బయటికి వెళ్ళిపోయేది. ఆమె వెనుక మిగతావాళ్ళూ వెళ్ళిపోయేవారు. జానెడు మందం తలుపు మూసుకునేది. ఆ తరువాత ఒక సన్నటి రొద, నేను. నొప్పి ఏమీ ఉండేది కాదు. అదే నాకు భయం. నొప్పి పుడితే ఎక్కడ పుట్టిందో తెలుస్తుంది. ఇది కనపడదు, తగలదు. మరి మంచిదే అయితే ఇంతమంది నన్నొక్కదాన్నే వదిలి ఎందుకు బయటికి పోతున్నారు? నా ఒంట్లోకి వచ్చింది మళ్ళీ ఎటు పోతుంది? రోజూ ఆ బల్ల మీద ఇదే ఆలోచన.

మా ఇండ్లలో పురుడంటే తెలుసు కదా. తల్లికి వేరే కంచం, వేరే గ్లాసు, వేరే చాప. ముట్టుకున్నవాళ్ళు స్నానం చేయాలి. నాకు నేనే అట్లాంటి పురుడొకటి పెట్టుకున్నాను. లోపలి గదిలో మీ అమ్మా నువ్వూ, వాము వాసన, సాంబ్రాణి పొగ. ముందు గదిలో గోడ పక్కన నేను, నా కంచం, నా చాప. పసిదాన్ని కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నీళ్ళు పోయడం అమ్మమ్మ పని. ఆ పని వాడకట్టులోని ఒక పెద్దమ్మ చేసేది. నేను గడప అవతల కూర్చుని నీళ్ళు వేడెక్కువైనాయనీ, ముక్కు సాపుగా ఒత్తమనీ, నూనె ఇంకొంచెం రాయమనీ చెబుతుండేదాన్ని. ఒకరోజు ఆమెకు విసుగొచ్చింది. "అన్ని తెల్సినదానివి నువ్వే వచ్చి పొయ్యరాదు?" అంది. నేను చాప ఇంకొంచెం వెనక్కి జరుపుకున్నాను. నీ తొట్టెల కూడా ఆ రోజుల్లోనే ఒక శనివారం అయింది, అందరూ నిన్ను ఎత్తుకుంటుంటే నేను తలుపు కాడే నిలబడ్డాను.

మరునాడు ఆదివారం, మధ్యాహ్నం. అన్నం కంచం ముందు పెట్టుకుని మీ అమ్మ మెల్లగా అడిగింది. "ఆడివిల్ల పుట్టిందని మనసుల వెట్టుకున్నవా అమ్మా?"

నా ఒంట్లోది నీ బిడ్డకు అంటుతదేమోనని చెబితే, బాలింత ఇంకెంత భయపడుతుందో. తల అడ్డంగా ఊపాను. ఆమె నమ్మలేదు.

సోమవారం ఆస్పత్రి వరండాలో, రోజూ నాలాగే కరెంటుకు వచ్చే జుక్కల్ ఊరామె కనిపించింది. పేరు తెలియదు, మా ఇద్దరికీ ఒకటే రోగం, ఒకటే మెషిన్. సగం తెలుగు, సగం మరాఠీ. ఒళ్ళో ఎప్పుడూ రెండేళ్ళ మనుమరాలు నిద్రపోతుండేది. ఆ పిల్ల కోసమే నేను ఒక కుర్చీ వదిలి కూర్చునేదాన్ని. ఆ రోజు ఉండబట్టలేక, పిల్లను పట్టుకుంటే భయం లేదా అని అడిగాను.

"ఏం గాదక్కా. మొదటి దినమే అడిగిన. మెషిన్ బందయితే అంత బందే, ఒంట్ల ఏం మిగలదన్నరు. నువ్వు అడగలేదా?"

"అడగలే."

"ఎందుకు?"

"వద్దంటరేమోనని."

ఆమె నవ్వబోయి ఆగిపోయింది. నన్ను అడగకుండానే పిల్లను నా ఒళ్ళో పడుకోబెట్టింది. వెచ్చటి తల, కొబ్బరినూనె వాసన. నా చేతులు కాసేపు ఆ పిల్లను తాకకుండా పైనే ఆగిపోయాయి. తరువాత మెషిన్ అమ్మాయిని కూడా అడిగాను. "ఎందుకు పట్టుకోవద్దు అవ్వా?" అని తిరిగి నన్నే అడిగింది.

ఆ శుక్రవారం నా పని ముందే అయిపోయింది. జుక్కలామె తన వంతు కోసం కూర్చుని ఉంది. "తలుపేసినంక లోపట ఒక్కదానివే ఉంటవు గదా. ఏం యాదికొస్తది నీకు?" అని అడిగాను. ఆమె నోరు తెరిచేలోపు లోపలి నుంచి పిలుపొచ్చింది. పిల్లను తన కూతురికిచ్చి, "వచ్చి చెప్త అక్కా" అని వెళ్ళింది. రైలుకు ఆలస్యమవుతుందని మీ తాత నన్ను లేపాడు.

మరునాడు పొద్దున వాకిట్లో బండ మీద కూర్చుని, గీతలు తడవకుండా తువ్వాల చుట్టుకుని, కాళ్ళు చాచి, పిల్లను ఇటియ్యమన్నాను. మీ అమ్మ నా మొఖం వంక చాలాసేపు చూసింది. నిన్ను నా కాళ్ళ మీద పడుకోబెట్టి చెంబు అందించింది. ఆపరేషన్ అయిన వైపు చేతికి చెంబు బరువు ఆగదు, ఎడమ చేతితోనే పోశాను. వాడకట్టంతా వినపడేట్టు ఏడ్చావు. దానికి ఫొటో లేదు. అందరి చేతులూ తడిగా ఉన్నాయి.

సోమవారం వెళ్ళేసరికి ఆమె కుర్చీ ఖాళీ. ఆమె కరెంటు శుక్రవారంతో పూర్తయిందనీ, ఊరికి వెళ్ళిపోయిందనీ చెప్పారు. మిగిలిన రోజులు ఆ బల్ల మీద నేను నీ స్నానమే తలుచుకున్నాను. ఎల్లారెడ్డికి జుక్కల్ ఎంతో దూరం కాదు, కానీ పేరు తెలియని మనిషిని ఎవరింట్లో అడగను? నువ్వు నా భుజం దాటి పెరిగావు, ఆమె మనుమరాలు ఇంకా పెద్దదై ఉంటుంది. ఇన్నేళ్ళు గడిచినా నాకు మాత్రం ఆమె ఇప్పుడే లోపలికి వెళ్ళినట్టు ఉంటుంది, నేను ఆ వరండాలోనే కూర్చున్నట్టు ఉంటుంది. తలుపేసినంక ఒక్కదానివే ఉంటవు గదా, ఏం యాదికొస్తది నీకు?