మా కుళాయి మాకే ఇచ్చి వేయించుకున్న దండ

మా సందు చివరి కుళాయిని పట్టపగలు పీకి, రైలు పట్టాల అవతలికి తీసుకుపోయి, వార్డు నాయకుడు కొత్తగా కట్టుకుంటున్న ఇంటి ముందు పాతారు. కొన్నేళ్లు అక్కడే ఉంచారు. ఎన్నికలు దగ్గర పడుతున్నాయనగా అదే కుళాయిని మళ్లీ తెచ్చి మా సందులో పెట్టి, మాకేదో దానం చేసినట్టు మా చేతే ఆయన మెడలో దండ వేయించారు. ఇది అన్యాయం. అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటున్నాను. వయసు పైబడిందని మాట మార్చుకునేవాణ్ణి కాను.

మల్కాపురం దాటాక, పోర్టుకు ఖనిజం మోసుకెళ్లే పట్టాల వారన ఉండేది మా సందు. డెబ్బైల చివరి మాట. నేను పోర్టులో కళాసీని. రేవులో గుట్టలు పోసిన ఇనుప ఖనిజం దుమ్ము గాలికి లేచి మా ఇళ్ల మీదే వాలేది. పొద్దున ఆరేసిన తెల్లబట్ట సాయంత్రానికి కావి పట్టేది. స్టీలు ఫ్యాక్టరీ కోసం ఊళ్లు ఖాళీ చేసిన రైతు కుటుంబాలు కొన్ని అప్పుడప్పుడే మా సందులోకి వచ్చి చేరుతున్నాయి. నిన్నటిదాకా నాగలి పట్టినవాళ్లు కాంట్రాక్టరు దగ్గర తట్ట పట్టారు. సొంత నుయ్యి వదిలి వచ్చినవాళ్లు మా కుళాయి ముందు బిందె పెట్టి, ఇదేం బతుకని నవ్వుకునేవాళ్లు.

నేను బడికి పోలేదు. పకోడీలు కట్టిచ్చిన కాగితాల మీద అక్షరాలు కూడబలుక్కున్నాను. ఆ తర్వాత యూనియన్ ఆఫీసు బల్ల మీద పడి ఉండే పేపర్లు, పుస్తకాలు. హక్కు, పౌరుడు, న్యాయం ఇలాంటి మాటలు నాకక్కడే దొరికాయి. న్యాయం అన్న మాట చదివినప్పుడల్లా నా కళ్ల ముందు మా కుళాయి దగ్గరి బిందెల వరసే కనబడేది.

ఆ వరసకు ఒక కట్టుబాటుండేది. బిందె పెడితే మనిషి నిలబడినట్టే. తెల్లారేసరికి ఇత్తడి బిందెలు, డేకిసాలు, సొట్టపోయిన నూనె డబ్బాలు వరసగా కూర్చుని ఉండేవి. వాటి మనుషులు పొయ్యి దగ్గర ఉండొచ్చు, బిడ్డకు పాలిస్తుండొచ్చు, షిఫ్టు దిగొచ్చి నిద్రపోతుండొచ్చు. నీళ్లు వచ్చాక ఎవరైనా రాకపోతే వాళ్ల బిందె కూడా నింపి పక్కన పెట్టేవాళ్లు. ఇంకొకరి బిందె జరపడమంటే ఆ మనిషి చెయ్యి పట్టి లాగినంత తప్పు. బాలింత ఉన్న ఇంటి బిందె, చావు జరిగిన ఇంటి బిందె అడక్కుండానే ముందుకు పోయేవి. ఈ కట్టుబాటు ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు. తప్పినవాడు మాత్రం నాకు గుర్తులేడు.

మా ఎదురింటావిడకు ఆ కుళాయే ఆధారం. చుట్టరికం లేకపోయినా నేను వదినా అనేవాణ్ణి, ఆమె మరిదీ అనేది. ఆమె భర్త నాతోపాటు ఖనిజం దగ్గర పనిచేసి, దగ్గు పట్టుకుని మంచాన పడ్డాడు. పోర్టు గేటు ముందు ఆమె నడిపే ఇడ్లీ దుకాణం మీదే ఇల్లు గడిచేది. పప్పు నానబెట్టాలన్నా, రుబ్బాలన్నా, పాత్రలో ఆవిరి లేవాలన్నా, తిన్నవాళ్లు చెయ్యి కడుక్కోవాలన్నా నీళ్లే. నీళ్లు అందని రోజు పొయ్యి లేదు. పొయ్యి లేని రోజు ఆ మంచం మీది మనిషికి మందు లేదు.

కుళాయి పీకిన రోజు నేను షిఫ్టు దిగి వస్తున్నాను. ఇద్దరు మనుషులు గునపాలతో తవ్వుతున్నారు.

"ఏటి బావా సేత్తన్నారు?" అన్నాను.

"కనబడతన్నాది కదా. కుళాయి పీకతన్నాం."

"ఎవుల్నడిగి?"

"పైనోలు సెప్పినారు. నువ్వెల్లి పైనోల్ని అడుగు, అందాక నాను సెమట తుడుసుకుంతాను."

వదిన బిందె అప్పటికి సగమే నిండింది. "ఇదొక్కటీ నిండనీ బాబూ" అంది. అతను గునపం పక్కన పెట్టి, ఆ బిందె నిండేదాకా ఆగాడు. పాపం, మనిషి మంచివాడే. నిండాక పీకేశాడు.

కారణం మా సందులో పసిపిల్లలకు కూడా తెలుసు. అంతకు ముందు ఎన్నికల్లో మా ఓట్లు వార్డు నాయకుడికి పడలేదు. పైగా ఆయన ఇంటి గోడలు తడపాలి. నీళ్ల ఆఫీసుకు వెళ్లి అడిగితే అక్కడి అధికారి నా చేతులకేసి చూసి, "మీ లైన్లో ప్రెజర్ లేదండీ, అందుకే మార్చాం" అన్నాడు. ప్రెజర్ లేని కుళాయిలో నిన్నటిదాకా వచ్చినవి ఏం నీళ్లని అడిగాను. తర్వాత రమ్మన్నాడు. తర్వాతా వెళ్లాను, ఆ తర్వాతా వెళ్లాను. బల్లలు మారాయి, కుర్చీల్లో మనుషులు మారారు, ప్రెజర్ అన్న మాట మారలేదు.

ఈలోగా మా ఆడవాళ్లు పట్టాలు దాటి నీళ్లు తెచ్చుకోవాలి. ఖనిజం బోగీలు గంటల తరబడి అడ్డంగా నిలబడి ఉండేవి. రైలు గేటు దాకా చుట్టు తిరిగి వెళ్లేసరికి అక్కడ నీళ్లు ఆగిపోయేవి. అందుకని బోగీల కిందనుంచి దూరేవాళ్లు. వెళ్లేటప్పుడు తేలికే. తిరిగొచ్చేటప్పుడు ఒకామె అటునుంచి నిండు బిందెను బోగీ కిందికి జరిపితే ఇంకొకామె ఇటునుంచి అందుకునేది. అది చూస్తూ నేను నిలబడలేకపోయేవాణ్ణి. కూర్చోలేకపోయేవాణ్ణి. పట్టాల వెంబడి ఆ చివరికీ ఈ చివరికీ తిరుగుతూ, ఇంజను కూత వినబడుతోందేమోనని చెవులు రిక్కించేవాణ్ణి.

అక్కడి కుళాయి దగ్గర మా కట్టుబాటు చెల్లలేదు. నాయకుడి మనిషి ఒకడు బెంచీ వేసుకుని కూర్చునేవాడు. వరసలో పెట్టిన మా బిందెల్ని కాలితో వెనక్కి నెట్టి, "మనిసేది? బిందెకి ఓటుందేటి?" అనేవాడు.

వదిన ఊరుకునే రకం కాదు. "ఓటున్నోలకే నీల్లయితే, మరి మీ బాబుగోరి గేదికెందుకు పోత్తన్నావురా?" అంది ఒకరోజు. వరసంతా గొల్లుమంది. వాడి మొహం మాడిపోయింది. ఆ రోజు ఆమె బిందె అందరి బిందెల తర్వాత నిండింది.

ఒక పొద్దున నేను చూస్తుండగానే బోగీలు కదిలాయి. ముందస్తు కూత లేదు, ఏమీ లేదు, గొలుసులు ఒక్కసారి ఘల్లుమన్నాయి, చక్రాలు తిరిగాయి. వదిన చెయ్యి అప్పుడే వెనక్కి తీసింది. బిందె తియ్యలేకపోయింది. పెళ్లికి పుట్టింటివాళ్లు పెట్టిన ఇత్తడి బిందె, అప్పడంలా అణిగిపోయింది. నీళ్లు కంకరలోకి ఇంకిపోయాయి. ఆమె పట్టాల పక్కన కూలబడి తన కుడిచేతి వేళ్లు ముడిచింది, తెరిచింది, మళ్లీ ముడిచింది. నేను పరిగెత్తుకెళ్లాను.

"దెబ్బ తగిలిందా వదినా?"

"పప్పు నానబెట్టీసినాను మరిదీ. ఇప్పుడెలగ రుబ్బడం?" అంది.

ఆ రోజు దుకాణం తెరవలేదు. ఆ తర్వాత కూడా ఒకరోజు తెరిస్తే రెండు రోజులు మూసేది. ఇంట్లోంచి దగ్గు మాత్రం ఆగకుండా వినిపించేది. పడుకుంటే నాకదే వినిపించేది.

నాయకుడి దగ్గరకే పోయాను. కొత్త ఇంటి వసారాలో కుర్చీలో కూర్చుని ఉన్నాడు, చుట్టూ నలుగురు. "రా బావా రా. పేపర్లు సదువుతావట కదా. సదువుకున్నోడికి దాహం ఎక్కువేటి?" అన్నాడు. నలుగురూ నవ్వారు.

"ఒక ఆడమనిసి సెయ్యి పోబోయింది. మా కుళాయి మాకు పెట్టీండి" అన్నాను.

"దానికేటుంది? మీ సందోల్నందర్నీ ఓపాలి ఇలగ రమ్మను. అడగవలసిన పద్దతిలో అడిగితే కాదన్తానా?"

"మాది మాకియ్యడానికి అడుక్కోవాలేటి?"

"సరే అయితే, అడుక్కోకు" అని పక్కవాడి వైపు తిరిగి వేరే సంగతి మాట్లాడటం మొదలుపెట్టాడు.

నేను సందులో గడప గడపకూ తిరిగాను. అందరం కలిసి నీళ్ల ఆఫీసు ముందు కూర్చుందామన్నాను. తలలూపారు. ఊపి పనికి పోయారు. ఒక్క పూట మానితే కాంట్రాక్టరు రేపటినుంచి రావద్దంటాడు. ఊళ్లు పోగొట్టుకుని వచ్చినవాళ్లు ఈ పని కూడా పోగొట్టుకుంటే ఎక్కడికి పోతారు? నాకు తెలియక కాదు. తెలిసీ కోపం ఆగేది కాదు. ఆఫీసు ముందు నేనొక్కణ్ణే కూర్చున్నాను. ఎండ నడినెత్తికి వచ్చాక కాపలావాడు వచ్చి, "లేగు బావా, నీడలోకి పోయి కూకో" అన్నాడు. ఆ కాలంలో ఆ ఆఫీసువాళ్లు నాకు చేసిన మర్యాద అదొక్కటే.

ఎనభైల్లో మళ్లీ ఎన్నికలొచ్చాయి. ఒక ఉదయం ఆ గునపాల మనుషులే వచ్చి మా సందు చివర తవ్వారు. సాయంత్రానికి కుళాయి నిలబడింది. మర్నాడు రెండు వాసాలకు గుడ్డ కట్టి, కింద మైకు పెట్టారు. నాయకుడు వచ్చి, మా ఆడపడుచుల కష్టం చూసి గుండె తరుక్కుపోయిందన్నాడు. కుళాయి తిప్పాడు. నీళ్లు దూకాయి. అప్పుడు బంతిపూల దండ పట్టుకుని ముందుకు వచ్చిందెవరు? మా వదిన. ఆ కుడిచేత్తోనే వేసింది.

నేను లేచి అరిచాను. "ఇది మా కుళాయే! ఎత్తుకుపోయింది ఈయనే!" మైకు నా గొంతు మింగేసింది. మా సందువాళ్లు నేల చూపులు చూశారు. వెనకనుంచి ఎవరో నా చొక్కా పట్టి లాగి, "ఊరుకో బావా, నీల్లొత్తన్నాయి" అన్నారు.

ఇంటికి పోయి, ఆ కుళాయి నీళ్లు నా గడప తొక్కకూడదని మా ఆవిడతో చెప్పాను. "అలాగే" అంది. అవతలి బస్తీలో నుయ్యి ఉంది కదా, అక్కణ్ణుంచి తెస్తానంది. తెచ్చేది. పెరట్లో గాబు ఎప్పుడూ నిండే ఉండేది. నేను స్నానం చేసి, తాగి, షిఫ్టుకు పోయేవాణ్ణి.

నాయకుడు గెలిచాడు. ఈసారి మా సందు ఓట్లు కూడా ఆయనకే పడ్డాయని ఆయన మనుషులే చెప్పారు.

ఒక్క సంగతి నాకు మింగుడు పడలేదు. ఓటంటే గుట్టుగా వేసేది, పోనీ. దండ ఎందుకు? దొంగ సొమ్ము తిరిగిచ్చినవాడికి దండ వేస్తే, రేపు ఇంకొకడు రోడ్డు ఎత్తుకుపోయి తిరిగిస్తాడు, ఇంకొకడు బడి ఎత్తుకుపోతాడు. నేనన్నట్టే జరిగిందా లేదా? ఈ మధ్య ఏ పేపరు తిరగేసినా నాకు ఆ బంతిపూలే కనబడుతున్నాయి. మనదే మనకిచ్చి, ఇచ్చినట్టు బొమ్మ వేయించుకుంటున్నారు. చదివి పేపరు మడుస్తాను, మళ్లీ విప్పుతాను. మంచం మీద కూర్చోబుద్ధి కాదు.

పొద్దున్నే షిఫ్టుకు పోతూ వదిన దుకాణం ముందు ఆగి అడిగేవాణ్ణి. "ఎందుకేసినావు వదినా దండ?" ఆమె ఆకులో ఇడ్లీ పెట్టి, చట్నీ పోసి, పక్కవాడి వైపు తిరిగేది. ఇంకోరోజు అడిగేవాణ్ణి. "ఇంకో రెండు ఎయ్యమన్తావా?" అనేది. అవతల నిలబడ్డ కళాసీలు, "వొచ్చినాడ్రా లాయరు" అని నవ్వేవాళ్లు. ఆమె భర్త అప్పుడప్పుడు వచ్చి దుకాణం పక్కన నీరెండలో కూర్చునేవాడు. దగ్గు ఉంది, మనిషీ ఉన్నాడు. నేను అడిగినప్పుడు ఆయన కూడా నా మొహంలోకి చూసేవాడు కాదు.

అలా చాలాకాలం అడిగాను. ఒక ఎండాకాలం పొద్దున, ఎవరూ లేని వేళ, మళ్లీ అడిగాను. న్యాయం గురించి నేను చదివినదంతా ఆ పూట ఆమెకు వినిపించాను. ఆత్మగౌరవం అన్నాను, అడుక్కుతినడం అన్నాను. నా గొంతు బాగా పెరిగిందనుకుంటాను. ఆమె ఇడ్లీ పాత్ర మూత తీయబోయి ఆగింది. చేతులు కొంగుకు తుడుచుకుని, నాకెదురుగా నిలబడి చెప్పింది:

"దండ నానే గుచ్చినాను మరిదీ, నానే ఏసినాను. ఎవులూ నా సెయ్యి పట్టుకుని ఏయించనేదు. ఆ దినం వరసలో నీ బిందె కూడా ఉంది, తెలుసా? నీ ఆడది నీకు బయపడి పెట్టనేదు. నానే తెచ్చి పెట్టినాను. బిందె పెడితే మనిసి నిలబడినట్టే కదా, అలగ నువ్వూ నిలబడినావు. ఇప్పటిదాకా నువ్వు తాగినవి నూతినీల్లు కావు. రోజూ నానే నింపి మీ గాబులో పోత్తన్నాను. ఆడు దొంగే, నాను కాదన్నేదు. నువ్వు అడుగు, మానకు, మా అందరి బదులూ అడుగు. గొంతెండితే సెప్పు, నీల్లు నా కాడున్నాయి."