కాలువ అవతల గడ్డి గులాబీలు

నా చిన్నప్పుడు గడ్డి గులాబీని ఎవరూ పువ్వు కింద జమకట్టేవారు కాదు. ఎండ ముదిరితే గానీ విచ్చుకోదు, మధ్యాహ్నం భోజనాల వేళకల్లా ముడుచుకుపోతుంది. దేవుడి పటానికి పెట్టలేం, జడలో తురుముకోలేం. ఇప్పుడు విజయవాడలో ఏ నర్సరీకి వెళ్ళినా టేబుల్ రోజ్ అని గొప్ప పేరు పెట్టి, రంగురంగులవి వరసగా పేర్చి అమ్ముతున్నారు. చిటికెడు కొమ్మ తుంచి నేలలో గుచ్చితే బతికే మొక్కకి డబ్బులేమిటర్రా అని అడగబోతాను. కానీ అలా తుంచి గుచ్చడం నేను నేర్చుకున్న రోజు గుర్తొచ్చి, వాటిని ఒకసారి చూసి వచ్చేస్తాను.

బెజవాడ దాటి బందరు వైపు కాస్త దూరం పోతే, కాలువ గట్టు మీదే మా ఇల్లు ఉండేది. తాతయ్య బడిపంతులుగా పనిచేసి రిటైరై ఇంటిపట్టునే ఉండేవాడు. నాన్నకి బెజవాడలో ఉద్యోగం. నా తరవాత చాలా ఏళ్ళకి అమ్మకి మగపిల్లాడు పుట్టాడు. అమ్మమ్మ లేదు కాబట్టి పురుడు మా ఇంట్లోనే పోశారు. వాడికి ఇంకా పేరైనా పెట్టలేదు. ఒకరోజు తెల్లవారుజామున పాలు తాగి పడుకున్నవాడు మళ్ళీ కళ్ళు తెరవలేదు.

పళ్ళు రాని పిల్లల్ని దహనం చెయ్యరు, పూడ్చిపెడతారు. తాతయ్య వాణ్ణి తన కండువాలో చుట్టుకున్నాడు, నాన్న పార పట్టుకున్నాడు, ఇద్దరూ నీళ్ళు ఆపే లాకుల మీదుగా కాలువ అవతలి గట్టుకి వెళ్ళొచ్చారు. అంతే. దినవారాలు లేవు, తద్దినం లేదు, పలకరించడానికి వచ్చే చుట్టాలూ లేరు. చూసిపోవడానికి వచ్చిన ఒకరిద్దరు కూడా "పోనీలేమ్మా, మళ్ళీ నీ కడుపునే పుడతాడు" అని కాఫీ తాగి వెళ్ళిపోయారు.

పిల్లాణ్ణి ఎక్కడ పెట్టారో తల్లికి చెప్పకూడదని మా ఇంట్లో ఒక కట్టడి ఉండేది. తెలిస్తే అక్కడికి పోయి ఏడుస్తుందట, ఆ మట్టి మీద తల్లి కన్నీళ్ళు పడితే మళ్ళీ కడుపు పండదట. నాయనమ్మ నన్ను ముందు నిలబెట్టి, నాన్న చేతా తాతయ్య చేతా నా నెత్తి మీద చెయ్యి పెట్టించి ఒట్టు వేయించుకుంది.

అమ్మ పెద్దగా ఏడవలేదు. అన్నం ముందు కూర్చునేది, కలిపేది, చెయ్యి కడిగేసుకునేది. తాగేవాడు లేకపోయినా పాలు మాత్రం ఆగేవి కావు, ఊరికే కూర్చున్నదల్లా ఉన్నట్టుండి తడిసిన జాకెట్టు మీదికి కొంగు లాక్కునేది. అడిగితే ఒక్కటే అడిగేది. "ఎక్కడ పెట్టారు మావయ్యగారూ? దగ్గరేనా, దూరమా? అదొక్కటి చెప్పండి చాలు." తాతయ్య తల వంచుకుని బయటికి వెళ్ళిపోయేవాడు. నన్ను కూడా అడిగింది పాపం. అప్పటికి నాకేం తెలుసని!

ఒకరోజు తాతయ్య నూతిపళ్ళెం పక్కన ఎవరూ పట్టించుకోకుండా పడున్న గడ్డి గులాబీ కొమ్మల్ని తుంచి, ఒక పూట నీడలో ఆరనిచ్చి, బుట్టలో వేసుకున్నాడు. నాయనమ్మ ఊరుకుంటుందా?

"ఏమిటండీ, ఈ వయసులో పూలతోటలా?"

"అవతలి గట్టు జారిపోతోందే. ఇది పరుచుకుంటే మట్టి కదలదు."

"ఆ లాకుల దగ్గర జీతాలు తీసుకునేవాళ్ళు లేరూ? మీకెందుకూ ఊళ్ళో గోల!"

తాతయ్య నన్ను వెంటబెట్టుకుని బయల్దేరాడు. అవతలి గట్టు మీద సరిగ్గా మా రేవుకి ఎదురుగా ఒకచోట ఆగి, మట్టి గుల్లచేసి, ఒక్కొక్క కొమ్మా వేలెడెడంగా గుచ్చాడు. నా చేతా గుచ్చించాడు. గట్టంతా వదిలేసి చాపంత మేర మాత్రమే ఎందుకు వేస్తున్నామని అడిగాను. "ఇక్కడే ఎక్కువ జారుతోందమ్మా" అని కండువాతో మొహం తుడుచుకున్నాడు. నేను కాలువలోంచి చెంబుతో నీళ్ళు తెచ్చి ధారాళంగా పొయ్యబోతే చెయ్యి పట్టుకుని ఆపాడు. "దీనికి నీళ్ళెక్కువైతే కుళ్ళిపోతుంది. బతికించేది ఎండే" అన్నాడు.

పురిటి మైల తీరాక అమ్మ మళ్ళీ రేవుకి వెళ్ళడం మొదలుపెట్టింది. కొమ్మలు మొగ్గ తొడిగాయని చూసుకున్నాక తాతయ్య అమ్మతో అన్నది ఒకటే మాట. "అమ్మాయ్, పచ్చిబాలింతవి, పొద్దున్నే ఆ చన్నీళ్ళలోకి దిగకు. ఎండెక్కాక ఉతుక్కో." అమ్మ అలాగేనంది. ఆ మాట వెనక ఇంకేదో ఉందని ఎవరమూ అనుకోలేదు.

ఆ మర్నాడో ఆ మూడోనాడో, తాతయ్య అరుగు మీద పేపరు చదువుతున్నాడు, నేను ఆయన పక్కనే ఆడుకుంటున్నాను. అమ్మ తువ్వాలు జాడిస్తూ తలెత్తింది. అవతలి గట్టున, ఎర్రమట్టిలో, చాపంత మేర గులాబీరంగు విచ్చుకుని ఉంది. చుట్టూ ఎక్కడా ఒక్క పువ్వు లేదు. అమ్మ చేతిలో తువ్వాలు జారి కాలువలో కొట్టుకుపోయింది. వెనక్కి తిరిగి తాతయ్య వంక చూసింది. తాతయ్య పేపరు దించలేదు. మేమిద్దరమే వేశామని చెబుదామని నేను నోరు తెరవబోతే, నా చెయ్యి గట్టిగా నొక్కి పట్టుకున్నాడు. అమ్మ రేవు మెట్టు మీద కూలబడి ఇల్లంతా వినపడేలా ఏడ్చింది. ఆ పూట కడుపునిండా అన్నం తింది.

నాయనమ్మ పోయిన తువ్వాలు గురించి కాసేపు సణిగింది. తరవాత రేవులోకి దిగి అవతలికి చూసింది, ఎందుకో చాలాసేపు చూసింది. ఆ రోజు నుంచి తాతయ్యతో మాటలు మానేసింది. ఒట్టు తప్పాడని అనడానికి లేదు, నోరు విప్పి ఆయన చెప్పింది ఏమీ లేదు మరి. నేను మాత్రం కోపం అనుకున్నాను.

ఎండాకాలం వచ్చి కాలువ కట్టేశారు. నీళ్ళు పోయి అడుగు బయటపడింది. ఒకరోజు ఎండెక్కాక నాయనమ్మ అమ్మ దగ్గరికి వచ్చి చెయ్యి పట్టుకుంది. "రామ్మా. ముడుచుకోకముందే వెళ్ళొద్దాం" అంది. అత్తాకోడళ్ళిద్దరూ చీరలు ఎత్తి పట్టుకుని బురద తొక్కుకుంటూ కాలువ దాటారు. వెనకే తాతయ్య, ఆయన వెనక నేను. అమ్మ ఆ పూల పక్కన కూర్చుని మట్టి మీద చెయ్యి వేసింది. అప్పుడు నాయనమ్మ గట్టు పొడుగునా అటూ ఇటూ చూసి, ఇన్నాళ్ళకి తాతయ్యతో నోరు విప్పింది.

"మరి నా పిల్లాణ్ణి ఎక్కడ పెట్టారండీ?"

నాన్నకంటే ముందు ఇంకొకడు పుట్టి పోయాడని నాకు తెలిసింది అప్పుడే. తాతయ్య మొహంలో నెత్తురుచుక్క లేదు. "తరవాత గట్టు ఎత్తుచేశారు కదే. ఆనవాలు పోయింది. నాకూ తెలీదు" అన్నాడు.

నాయనమ్మ ఆయన్ని ఒక్క మాటా అనలేదు. "నేనే అడగలేదుగా" అంది. "అడక్కూడదేమో అనుకున్నాను."

అమ్మ ఆ పూలలోంచే గుప్పెడు కొమ్మలు తుంచి నాయనమ్మ కొంగులో పోసింది. "ఇక్కడే ఎక్కడో ఉన్నాడుగా అత్తయ్యగారూ" అంది. ఎక్కడ గుచ్చాలో తెలియక నాయనమ్మ ఒక్కొక్క అడుగూ వేస్తూ, ఒక్కొక్క కొమ్మా గుచ్చుకుంటూ, గట్టు పొడుగునా వంగి నడిచింది. కొమ్మలు అయిపోతే మళ్ళీ వచ్చి కొంగు పట్టింది. ఎండ నడినెత్తికి వచ్చినా మేమెవరం ఆమెని ఆపలేదు. మరుసటి ఏడు కాలువ కట్టెయ్యక ముందే లాకుల దాకా గట్టంతా పూసింది. పడవల్లో పోయేవాళ్ళు ఎవరు వేశారా అని వింతగా చూసేవారు.

ఇప్పుడు అక్కడ తారు రోడ్డు పడింది. నా బాల్కనీ కుండీల్లో ఉన్నవి ఆ కొమ్మలకి కొమ్మలే. పొద్దున పదింటికి చేతిలో పని వదిలేసి వాటి ముందు నిలబడతాను, ఇంట్లోవాళ్ళు నవ్వుకున్నా సరే. ఎవరింట్లోనైనా పసిబిడ్డ పోయాడంటే నేను వెళ్ళి, మళ్ళీ పుడతాడులే అని మాత్రం చస్తే అనను. ఆ తల్లి పక్కన కూర్చుని, నీకేం అడగాలనుందో అది చెప్పగలిగినవాళ్ళు ఉండగానే అడిగెయ్యి తల్లీ అంటాను.