కొంగల పురిటింట్లో నేను

కన్నకూతురిని మొదటిసారి చూసుకోవడానికి పోయి, కొంగల పురుడు అంటించుకుని అత్తగారి అరుగు మీద కూలబడిన ఘనుణ్ణి నేను. నవ్వేవాళ్లు ఇప్పుడే నవ్వేయండి. చివరికి తప్పెవరిదో మీరే తేలుస్తారు. నాది మాత్రం కాదు.

నయాపైసలు వచ్చిన కొత్త. ధర్మవరంలో రైలెక్కి హిందూపురంలో దిగి, నడిచి అత్తగారి ఊరు చేరాను. మర్నాడు పాపను ఉయ్యాలలో వేస్తారు. ఆ ఘడియ దాకా తండ్రి కూడా చూడకూడదట. సరేనని కాళ్లు కడుక్కుంటుంటే బావమరిది ఓబులేసు నా చేతుల వంక చూశాడు.

"ఏం బావా, మీ ఊరంతా పట్టు నేస్తారంట గదా. బిడ్డకి ఒక గుడ్డపేలికైనా తేలేదా?"

"నేనేమన్నా మగ్గంలో పుట్టినానా?"

"వట్టి చేతుల్తో తొట్లు ఊపుతావా అయితే?"

ఆ మాట నాకు ఈ రోజుకీ అరగలేదు. ఎన్ని లేహ్యాలు మింగానో లెక్క లేదు.

ఆ ఏడు ఊరి చెరువు నిండింది. నడుమ తుమ్మచెట్ల తిప్ప ఒకటి మిగిలింది. దాని అంచున నత్తగుల్లలు తళతళలాడుతున్నాయి, చెట్ల నిండా ఎర్రకాళ్ల కొంగలు. గుల్లలు ఏరి దండ గుచ్చి ఉయ్యాలకు కడితే ఓబులేసు నోరు మూతపడుతుంది, కొంగలనూ దగ్గరగా చూడవచ్చు. మరి పడవ? మా సీమలో పడవ ఎవడికుంటుంది? చెరుకు గానుగ దగ్గర బెల్లం కాచే, మనిషి పట్టేంత పెనం బోర్లించి ఉంది. దొర్లించుకుపోయి నీళ్లలోకి తోసి, పాకం కలిపే తెడ్డుతో ఎక్కి కూర్చున్నాను.

పెనం ముందుకు పోదండీ. తిరుగుతుంది. ఒకసారి ఊరు, ఒకసారి పెనుకొండ వైపు గుట్టలు, ఒకసారి కొంగలు, మళ్లీ ఊరు. తిప్ప చేరేసరికి దిక్కులతో పాటు నా ఇంటిపేరు కూడా మరిచిపోయాను.

గుల్లలన్నీ ఏరి పెనంలో పోశాను. అప్పుడే తిరిగొచ్చి ఉంటే ఈ కథే లేదు. పోయి చెట్టు కింద నిలబడి గూటి వైపు తల ఎత్తాను. పిల్లకొంగ నన్ను తేరిపార చూసి, తిన్న చేపలన్నీ నా నెత్తిన కక్కింది. దాన్ని చూసి పక్క గూడు. దాన్ని చూసి పై గూడు. పెళ్లి పంక్తిలో కూడా నాకు అంత ధారాళంగా వడ్డించలేదు. కళ్లు తుడుచుకుని చూస్తే, పెనం గుల్లలతో సహా గాలికి ఒడ్డుకు పోతోంది. నేను లేనందుకేమో, ఒక్క చుట్టూ తిరగకుండా తిన్నగా పోతోంది.

ఒడ్డున ఊరంతా చేరింది.

"ఓబులేసూ, ఆ పెనమెక్కి రా" అని అరిచాను.

"అరవొద్దు బావా. బాలింతలు బెదురుతారు."

"యా బాలింతలు?"

"కొంగలు. మా ఊరికి పురిటికొచ్చిన ఆడబిడ్డలు. పురిటింట్లోకి మగోడు దూరేది యాడన్నా ఉండాదా?"

నా భార్యకు అవ్వ, ఆ ఇంటికి పెద్దదిక్కు, కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది. "ఎవురబ్బా ఆ తిప్పలో?"

"మన అల్లుడే అవ్వా."

"వాని పెండ్లాం ఈడ గదా ఉండేది. ఆడ ఎవురుండారంట వానికి?"

పొద్దు వాలి కొంగలు సద్దుమణిగాక ఓబులేసు పెనంలో వచ్చి నన్ను ఒడ్డు చేర్చాడు. పెనం తిరగలేదు. అది ఇంకో అవమానం.

గడపలో అవ్వ అడ్డం నిలిచింది. "పురుడంటుకుండాది నీకు. ఆ పిల్లలకి రెక్కలొచ్చేదాకా అరుగే."

"నేనేమన్నా కన్నానా అవ్వా వాటిని?"

"కనకపోతే ఆ కంపేందప్పా?"

మర్నాడు కిటికీలోంచి చూశాను. ఉయ్యాల నిండా నా గుల్లల దండలే. మేనమామ ఎంత ముచ్చటగా కట్టాడని అమ్మలక్కలంతా ఓబులేసును మెచ్చుకుంటున్నారు. నాకు కనిపించింది పాప అరికాలు ఒక్కటే.

"అవ్వా, ఆ గుల్లలూ తిప్పలోవే గదా. వాటికి లేదా పురుడు?"

"వాటిని కడిగినాం."

"నన్నూ కడగండి."

"కడిగినాం గదప్పా నిన్న. వాటికి పోయింది, నీకు పోలేదు."

అందుకే మీ అందరి ఎదుట ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో బెల్లం పెనం ఎక్కను. రెక్కలున్న బాలింత గడప తొక్కను. అత్తగారింటికి వట్టి చేతులతో పోను. ఓబులేసును మాత్రం క్షమించను. అదీ ప్రమాణంలోదే.