సముద్రానికెక్కిన బలం

మా ఇంట్లో యూరియాని ‘బలం’ అనేవాళ్లం. సబ్బవరం దగ్గర సేద్యం చేసే మా బావ, అంటే మా అప్ప మొగుడు, తెచ్చిపెట్టిన మాట అది. “సేనుకి బలం ఏసేను” అన్నాడంటే సంచి ఖాళీ అయిందని అర్థం. నేనేమో ఆరో తరగతిలోనే బడికి దండం పెట్టేసి హార్బరులో కలాసీగా చేరినవాణ్ణి. ఓడల్లోంచి దిగే ఆ సంచుల్నే మోసేవాణ్ణి.

“దేశానికి బలమంతా నా వీపు మీంచే ఎల్తంది బావా” అని కోతలు కోస్తే, “అందుకే నీకేటీ మిగల్నేదు, ఎముకలే ఉన్నాయి” అనేవాడు.

ఉక్కు ఫ్యాక్టరీ ఇంకా శంకుస్థాపన రాయిగానే ఉన్న రోజులవి. ఆ ఏడు వరి నాట్లయ్యాక బావ బలం చల్లాడు. సాయంత్రానికి పట్టుకున్న వాన పొలాన్ని కడిగి వదిలిపెట్టింది. గట్టుకి కోసిన గండిని మడవ అంటారు. ఆ మడవలోంచి నీళ్లు కింది పొలంలోకి, అక్కణ్ణుంచి ఊరివాగైన గెడ్డలోకి దిగిపోయాయి. బలం చల్లిన రోజైనా మడవ కట్టుకోవద్దా? కానీ ఆ ఊళ్లో మడవ కట్టడమంటే కింది రైతుకి నీళ్లు ఆపడం, అంటే మాటలు మానెయ్యడం. బావకి మాటల్లేకపోతే అన్నం అరగదు. అందుకని తెరిచే ఉంచాడు.

పచ్చబడాల్సిన చేను పసుపు తిరిగింది. బావ బస్సెక్కి నా దగ్గరికొచ్చేశాడు.

“ఓరె, ఇంకో సంచి సంపాదించలేవేటి? బలమంతా గెడ్డలో కొట్టుకుపోనాది. ఈ పంట పోతే మీ అప్పా నానూ ఏటి తింటాం?”

“నాను మోసేవోణ్ణి బావా, ఇచ్చేవోణ్ణి కాదు. ముందు సేపల కూర తిందువుగాని రా. బలం నీకూ కావాల.”

పొద్దున్నే చేపలు కొందామని ఇద్దరం ఒడ్డుకి నడిచాం. ఇసక దిబ్బ ఎక్కి, దిగడం మర్చిపోయాం.

సముద్రం పచ్చగా ఉంది. పాచి రాళ్ల మీదుండే పచ్చ కాదు, కంటికి ఆనినంత మేరా గోంగూర రుబ్బి పోసినట్టు చిక్కటి పచ్చ. అల లేస్తే లోపలికి వెలుగు దూరడం లేదు. విరిగితే చప్పుడు కూడా బరువుగా వస్తోంది. నురుగు పచ్చన. ఒడ్డు పొడవునా చేపలు నోళ్లు పైకెత్తి గాలి కోసం అల్లాడుతున్నాయి. పీతలు నీళ్లకి వీపు పెట్టి బారులు తీరి ఊరి వైపు నడిచొస్తున్నాయి. అంతంత ఓడలు చూసిన కళ్లు నావి. అయినా అంత పెద్దది అలా మారిపోగలదని ఎప్పుడూ అనుకోలేదు.

మాకు రోజూ చేపలిచ్చే ముసలమ్మ ఖాళీ గంప పక్కన కూర్చుని ఉంది.

“ఇదేటే మామ్మా?” అన్నాను.

“గంగమ్మకి ఊపిరాడతల్లేదురా. సూడు, పీతలు కూడా ఇల్లొగ్గేసి వచ్చేసినాయి.”

బావ మోకాళ్ల మీద కూర్చుని దోసిలితో నీళ్లు ఎత్తాడు. చాలాసేపు చూశాడు.

“ఇది మా నారుమడి రంగురా. నా బలం ఇక్కడ మొలిసినాది.”

“ఒక్క సంచికి ఇంత సముద్రమా? నీది బలమా, మంత్రమా?”

“నా ఒక్కడిదే కాదురా ఎర్రోడా. మడవలెన్ని? గెడ్డలెన్ని? మీ ఊరి మురుక్కాలవలెన్ని? అన్నీ ఎక్కడికొత్తాయి?”

ఏది పడేసినా సముద్రంలో కలిసి మాయమైపోతుందనుకునేవాణ్ణి. మాయం కాదు, మొలుస్తుంది. బావ మళ్లీ సంచి మాట ఎత్తలేదు. కూర తినకుండానే బస్సెక్కాడు.

కొన్నాళ్లకి కింది రైతుని వెంటబెట్టుకొచ్చాడు, చూపిస్తానని. తీరా చూస్తే సముద్రం నీలంగా, ఏమీ ఎరగనట్టు మెరుస్తోంది.

“బావా బావమరుదులు పొద్దున్నే కల్లేసినట్టున్నారు” అని కింది రైతు పొట్ట పట్టుకుని నవ్వాడు.

ముసలమ్మ గంప తెచ్చి అతని ముందు బోర్లించింది. రెండు పొలుసులు రాలాయి.

“నవ్వుకో నాయనా. రంగు ఎల్లిపోనాది. సేపలు రానేదు.”

అతని నవ్వు ఆగిపోయింది. కాసేపు ఇసక గీకి, బావతో అన్నాడు: “మరైతే పైయేడు ఇద్దరం ఒకే రోజు సల్లుదుమా? రెండు మడవలూ ఒక్కసారే కట్టేద్దుం. ఎవుడి మీద ఎవుడికీ కోపముండదు.”

ఆ ఏడు బావకి గింజ సగమే దక్కింది. చేను చూస్తే ఆ సంగతి అప్పటికే తెలిసిపోతున్నా, బావ ముఖం తేటపడింది. సముద్రం దగ్గరికి వెళ్లి, చుట్టానికి చెప్పినట్టు, “పైయేడు నీకేటీ పంపన్లే, ఏటీ అనుకోకు” అన్నాడు.

ఒక అల వచ్చి మోకాళ్ల దాకా తడిపింది. బావ పంచె ఎత్తుకుని వెనక్కి గెంతాడు.