తాతయ్య వెతికిన తెర్తా

మా తాతయ్య ఆస్‌ముండ్ ఐస్‌ల్యాండ్ ఎప్పుడూ చూడలేదు. ఓడెక్కి వచ్చింది వాళ్ళ తాత. తాతయ్య పుట్టిందీ, పెరిగిందీ, చేపలు పట్టిందీ, పోయిందీ అంతా కెనడాలో, గిమ్లీకి ఉత్తరాన, విన్నిపెగ్ సరస్సు ఒడ్డున ఉన్న మా ఊళ్ళోనే. అయినా ఎవరైనా ఏ ఊరు మీది అనడిగితే ఠక్కున "ఐస్‌ల్యాండు" అనేవాడు. ఎప్పుడైనా వెళ్ళారా అంటే, "ఎందుకూ? అక్కడి మంచివాళ్ళంతా ఇక్కడికే వచ్చేశారుగా" అనేవాడు. మిగిలినవాళ్ళ సంగతి అడిగే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు.

పొడుగాటి మనిషి. చక్కెర బిళ్ళ పళ్ళ మధ్య పెట్టుకుని దాని మీదుగా కాఫీ తాగేవాడు. వల లాగేటప్పుడు పాత పద్యాలు గొణుక్కునేవాడు, ఇంట్లో మాత్రం నోట్లోంచి మాట రావడమే గగనం. మొండితనానికి ఊళ్ళో ఆయన్ని మించినవాడు లేడు. ఆయన తమ్ముడు ఎగ్గెర్ట్ కుర్రతనంలోనే, ఐసు సరిగా గట్టిపడక ముందు సరస్సు మీదకు వెళ్ళి, గుర్రంతో సహా మునిగిపోయాడు. అంత జరిగాక ఎవరైనా జాగ్రత్తపడతారు. మా తాతయ్య మాత్రం ఏటా అందరికంటే ముందు ఐసు మీద కాలు పెట్టాలనే చూసేవాడు. భయపడ్డాడని సరస్సు అనుకోకూడదట.

నవంబరు వచ్చిందంటే ఇంట్లో ఆయనతో వేగడం కష్టం. పడవలు ఒడ్డుకెక్కేస్తాయి. సరస్సు అటు నీళ్ళూ కాదు, ఇటు ఐసూ కాదు. ఐసు గట్టిపడితే గానీ దాని మీద నడిచి వెళ్ళి, కన్నాలు చేసి కింద వలలు వెయ్యలేరు. అందాకా జాలరికి చేసే పని ఉండదు. కిటికీ దగ్గర నిలబడేవాడు, బూట్లు వేసుకునేవాడు, విప్పేవాడు.

సరిగ్గా అప్పుడే మా అమ్మమ్మ వల్గెర్ద్, తాతయ్య నోట వల్లా, క్రిస్మస్ కోసం తెర్తా అనే కేకు చేసేది. రొట్టెలా పలచగా ఒత్తి కాల్చిన పొరలు, మధ్య మధ్య ఏలకుల పొడి వేసి ఉడికించిన ప్రూన్ పళ్ళ ముద్ద. అది లేకపోతే మా ఇళ్ళలో క్రిస్మస్ రానట్టే లెక్క. ఇల్లంతా ఏలకుల వాసన కమ్ముకునేది. తాతయ్య ఆ వాసన పట్టుకుని వంటింట్లోకి వచ్చేసరికి తెర్తా మాయమయ్యేది.

"ఎక్కడ పెట్టావే?"

"ఏమిటి?"

"ఏమిటేమిటి? తెర్తా!"

"పండగ నాడు తిందువుగానిలే."

"పిసినారి దానా! కష్టపడి సంపాదించేవాడికి ఒక్క ముక్క పెట్టలేవా?"

"దొరికితే తిను, వద్దన్నానా?"

ఇక మొదలు. అటక మీద, పిండి డబ్బాల వెనక, కుట్టు మిషను కింద, వలల కొట్లో, ఆఖరికి చర్చిలో అమ్మమ్మ వాయించే హార్మోనియం బల్ల లోపల కూడా వెతికేవాడు. నా చిన్నప్పుడు సెలవులకు వచ్చినప్పుడల్లా నన్ను భుజాలకెత్తుకుని అలమర పైన చూడమనేవాడు. ఒక్క ఏడూ దొరకలేదు. క్రిస్మస్ ముందు రోజు సాయంత్రం అమ్మమ్మ దాన్ని తెచ్చి బల్ల మీద పెట్టి, "దొరకలేదా? పాపం" అనేది. తాతయ్య రుసరుసలాడుతూనే రెండో ముక్క అందుకునేవాడు.

మా అమ్మ రూనా నర్సు ఉద్యోగానికి విన్నిపెగ్ నగరంలో స్థిరపడిపోయింది. నేను చదువయ్యాక తిరిగొచ్చి తాతయ్య పక్కన వలలు పట్టుకున్నాను. వంటింట్లో నాకు చేతనైంది తినడం ఒక్కటే.

అమ్మమ్మ ఒక వేసవిలో పోయింది. ఆ నవంబరులో తాతయ్య కిటికీ దగ్గర నిలబడలేదు. కుర్చీలోంచే లేవలేదు. ఒకరోజు ఉన్నట్టుండి, "సోలా, పిండి ఎక్కడుంది?" అన్నాడు.

"ఎందుకు తాతా?"

"వల్లా తెర్తా లేకుండా ఈ బల్ల ముందు పండక్కి కూర్చోను. దాని చేతి రుచి దానితోనే పోనివ్వను."

అమ్మ ఫోనులో మొత్తుకుంది. "నాన్నా, నీకెందుకా తిప్పలు? బేకరీలో కొనుక్కొస్తా."

"బేకరీది మనుషులు తింటారా?"

"పోనీ, పక్కింటి లౌగా అత్తనడుగు. ఆవిడకు తెలుసుగా."

"లౌగా తెర్తా మీద చక్కెర పూస్తుంది. అలాంటిదాన్ని నేనడగాలా? ఇన్నేళ్ళూ మీ అమ్మ చేస్తుంటే పక్కనే కూర్చుని కాఫీ తాగాను, నాకు తెలీదా?"

కాఫీ తాగుతూ కూర్చుంటే వంట వస్తుందనుకునే మనిషితో ఏం వాదిస్తాం? రెండు రోజులు వంటిల్లు పిండి తుఫానులో మునిగింది. వలలు అల్లే ఆ పెద్ద చేతులతో పొరలు ఒత్తాడు. చిరిగితే అతికాడు, మాడితే బూతులు తిట్టి మళ్ళీ ఒత్తాడు. ఏలకులు దంచుతున్నప్పుడు మాత్రం రోకలి ఆపి, వంగి ఆ వాసన పీల్చాడు. చివరికి తెర్తా లేచి నిలబడింది. కాస్త పక్కకు ఒరిగింది గానీ అచ్చం అమ్మమ్మదే.

వెంటనే కత్తి తీసుకున్నాడు. కత్తి దిగలేదు. బలంగా నొక్కితే ఒక ముక్క ఠప్పుమని విరిగి కిందపడింది. నోట్లో పెట్టుకున్నాడు. నేనూ పెట్టుకున్నాను. చెక్క.

తాతయ్య కత్తి కింద పెట్టాడు. "పోయింది. దాంతోనే పోయింది" అన్నాడు. అమ్మమ్మను మట్టిలో పెట్టిన రోజున కూడా ఏడవని మనిషి పిండి చేతులు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు.

తర్వాత పళ్ళెం పట్టుకుని, కాకులకు పారేద్దామని గుమ్మం దాటాడు. కంచె అవతల లౌగా బట్టలు తీసుకుంటోంది.

"ఏమయ్యా, ఏమిటది? తెర్తానా? ఎప్పుడు చేశావు?"

"ఇప్పుడే. రాయిలా ఉంది."

"ఇప్పుడే చేసి ఇప్పుడే కోశావా? నీకేమైనా పిచ్చా? గుడ్డలో చుట్టి చల్లగా ఉన్నచోట వారాల తరబడి పెట్టాలి. పళ్ళ తడి దిగితేనే పొరలు మెత్తబడేది. ఆ మాత్రం తెలీదా?"

తాతయ్య పళ్ళెం దగ్గరికి లాక్కున్నాడు. "అందుకా దాచింది? నా మీద నమ్మకం లేక అనుకున్నానే."

"నమ్మకం లేకే. తెర్తా విషయంలో కాదు, ఐసు విషయంలో." లౌగా బట్టలు భుజాన వేసుకుంది. "మెత్తబడాలని ఒక్క ముక్క చెబితే సరిపోయేది కదా? ఆ మాటే నేనంటే, 'చెబితే వెతకడు లౌగా, బూట్లేసుకుని సరస్సు మీదకు పోతాడు. ఎగ్గెర్ట్‌లా పోతాడు. తెర్తా మెత్తబడేదాకా వీణ్ణి ఇంట్లో తిప్పితే, ఈలోగా ఐసు గట్టిపడుతుంది' అనేది. నువ్వు దగ్గరికొచ్చావంటే చాలు, దాన్ని ఏప్రన్‌లో దాచుకుని మా ఇంటికి పరిగెత్తుకొచ్చేది."

తాతయ్య సరస్సు వైపు తిరిగాడు. "చూశావా సోలా, ఎంత మోసం చేసిందో!" అని నవ్వాడు. "ఏటా పిసినారి దానా అన్నాను దాన్ని. ఏటా."

"అంటే ఏం? మా ఇంటికొచ్చి చెప్పుకుని పడీ పడీ నవ్వేది" అంది లౌగా.

గుడ్డలో చుట్టి చల్లగా దాచాక, ఆ క్రిస్మస్‌కి తెర్తా మెత్తబడింది. విరిగిన చోటు గోడ వైపు తిప్పి బల్ల మీద పెట్టాడు. మొదటి ముక్క తిని, "ఏలకులు కాస్త ఎక్కువయ్యాయి. మీ అమ్మమ్మ అయితే తిట్టేది" అన్నాడు. రెండో ముక్క తీసుకున్నాడు.

మరుసటి నవంబరులో నేను బూట్లు వేసుకుంటుంటే ఇల్లంతా ఏలకుల వాసన. వంటింట్లోకి వెళ్ళి చూస్తే బల్ల మీద ఏమీ లేదు. తాతయ్య చక్కెర బిళ్ళ పళ్ళ మధ్య పెట్టుకుని కాఫీ తాగుతున్నాడు.

"ఎక్కడ పెట్టావు తాతా?"

"ఏమిటి?"

నాకు ముప్ఫై దాటాయి. బూట్లు విప్పేసి అటక ఎక్కాను. ఆ ఏడే కాదు, ఆయన ఉన్నన్నాళ్ళూ ప్రతి నవంబరూ ఎక్కాను. ఎప్పుడూ నాకు దొరకలేదు. కొన్నిసార్లు ఆయన ముందే నిచ్చెన జరిపి పెట్టి నన్ను తప్పుదారి పట్టించేవాడు. నా జీవితంలో అంతకంటే హాయైన రోజులు లేవు.

మొన్నటి నవంబరు చివర్లో తాతయ్య నిద్రలోనే పోయాడు. ఆ ముందు వారం కూడా ఇంట్లో ఏలకుల వాసన వచ్చింది, ఎక్కడ దాచాడో చెప్పలేదు. ఖననం అయ్యాక ఊరంతా మా ఇంటికి కాఫీకి వచ్చింది. కుర్రాళ్ళు కిటికీ దగ్గర చేరి సరస్సు వైపు చూస్తూ, "ఐసు పట్టింది, కాస్త పలచనే. రేపు దిగేద్దామా అక్కా?" అన్నారు. నాకూ దిగాలనే ఉంది. ఆయన లేని ఆ ఇంట్లో ఒక్క పూట కూడా కూర్చోలేను.

లౌగా రొట్టె కొయ్యమంటే బల్ల పక్కనున్న రొట్టెల పెట్టె మూత తీశాను. రొట్టె పక్కనే తెల్ల గుడ్డలో చుట్టి తెర్తా ఉంది. ఈ ఏడు ఆయన ఎక్కలేకపోయాడు, వంగలేకపోయాడు. చేతికందిన చోట పెట్టి ఊరుకున్నాడు.

చప్పుడు కాకుండా మూత వేసేశాను. కుర్రాళ్ళతో, "రేపు కాదురా, నాకు ఇంట్లో పనుంది" అన్నాను. బూట్లు విప్పి, నిచ్చెన వేసుకుని, వెతకడానికి అటక ఎక్కాను.