పెన్సిల్‌తో రాసిన చీటీ

అందరూ బాగున్నారా? కొలోన్‌లో మా వదినగారి మోకాలి నొప్పి తగ్గిందా? మాగ్డెబర్గ్ పిల్లలూ, చెవులు కప్పుకుని తిరుగుతున్నారా, వేళకు తింటున్నారా? పాస్టరమ్మగారి బి.పి. ఎలా ఉంది? ఇలా ఒక్కొక్కరినీ అడిగితేగాని నాకు మనసు నిలవదు. నేను రోజూ అడిగేవాళ్ళలో ఒకరు తగ్గిపోయారు. ఎర్లాంగెన్‌లో మా కింది వాటా పెద్దాయన పోయిన నెల ఆసుపత్రిలో కన్నుమూశారు. ఈ జర్మనీలో మన తెలుగు క్రైస్తవ సహవాసం పత్రికకు ఆయన గురించి నాలుగు మాటలు రాయమంది మా అమ్మాయి. రాస్తున్నాను గాని, తలెత్తుకుని రాయలేకపోతున్నాను.

ఆయనది వేల్సు. ఎప్పుడో ఇక్కడి యూనివర్సిటీలో పాఠాలు చెప్పడానికి వచ్చి ఉండిపోయారు. మొదటిరోజు మా అమ్మాయి "మీరు ఇంగ్లీషువాళ్ళా?" అని అడిగితే వేలు పైకెత్తారట. "కాదమ్మా, వేల్సువాణ్ణి. మిమ్మల్ని తమిళులంటే ఊరుకుంటారా?"

పాత పుస్తకాలు, చేతిరాత కాగితాలు సేకరించడమే ఆయన బతుకు. వంటింటి అలమరలో కూడా గిన్నెలకు బదులు పుస్తకాలే. చేతులు కడుక్కుని, రెండుసార్లు తుడుచుకునిగాని ఒక్క కాగితం ముట్టేవారు కాదు. "చిన్న భాషలో రాసిన కాగితం ఏదీ చిత్తుకాగితం కాదు" అనేవారు. పైన ఉండే నాకేమో ఒకటే దిగులు. నా స్నానాల నీళ్ళు కిందికి కారి ఆ పుస్తకాలు తడిస్తే? బకెట్‌లో పట్టుకుని, చప్పుడు కాకుండా చెంబుతో పోసుకునేదాన్ని. ఆ సంగతి మా అమ్మాయి ఆయనకు చెప్పేసింది. అప్పటినుంచి మెట్ల మీద కనిపిస్తే గుడ్ మార్నింగ్ లేదు, వచ్చీరాని తెలుగులో "నీళ్ళు రాలేదు!" అని నవ్వేవారు.

మూడేళ్ళ కిందట ఒక సాయంత్రం మమ్మల్ని టీకి పిలిచారు. బల్ల మీద ఉతికిన తువ్వాలు పరిచి, దాని మీద అట్ట చిరిగిన నోటుపుస్తకం పెట్టారు. పూర్వం మన వైపు మిషనరీగా ఉన్న ఒక జర్మన్ దొరగారి ఇంటి అటక ఖాళీ చేస్తే, పాత సామాన్ల సంతకు వచ్చిందట. తెలుగని గుర్తుపట్టి కొన్నారు.

"ఏం రాసుందో చదివి చెప్పమంటున్నారమ్మా" అంది అమ్మాయి. తను ఇంగ్లీషు మీడియం, తెలుగు చదవలేదు.

నేను చదివింది మూడో తరగతి. బైబిల్లో అచ్చక్షరాలు కూడబలుక్కుంటాను. అదేమో గొలుసుకట్టు రాత, ఒకదాని తోక ఒకటి పట్టుకున్న చీమల్లా ఉంది. పైన పెద్దగా రాసిన 'ప్రభువు' ఒక్కటే నాకు తెలిసింది. రాదని చెప్పడానికి నోరు రాలేదు.

"కీర్తనలు" అన్నాను.

ఆయన ముఖం వెలిగిపోయింది. వాళ్ళ ఊళ్ళో కూడా గుడి అంటే పాటేనట. "ఒకటి పాడండి" అన్నారు. ఆ గీతల మీద వేలు జరుపుతూ, నాకు నోటికొచ్చిన కీర్తన పాడాను. ఆయన కళ్ళు తుడుచుకుని, పుస్తకంలో పెట్టడానికి ఇంగ్లీషులో ఒక చీటీ రాశారు: 'తెలుగు క్రైస్తవ కీర్తనలు. చదివినవారు, పై వాటా అమ్మగారు.'

"పెన్సిల్‌తో రాశారేంటి?" అని అమ్మాయి అడిగింది.

"తప్పని తేలితే చెరిపి రాయొచ్చు. అందులో సిగ్గేముంది?"

అప్పుడైనా చెప్పవలసింది. చెప్పలేదు. ఆ తర్వాత ఎన్ని ఆదివారాలు పాడించుకున్నారో! ప్రతిసారీ రేపు చెబుదామనుకున్నాను. ఆసుపత్రికి వెళ్తూ ఆ పుస్తకాన్ని తువ్వాలుతో సహా నా చేతికిచ్చారు. "నా మేనకోడలు వచ్చేదాకా ఇది పాడే మనిషి దగ్గరే ఉండాలి" అన్నారు.

ఆయన పోయాక, భయపడుతూనే భూతద్దం పెట్టుకుని కూర్చున్నాను. ఒక్కో అక్షరానికి ఎంతసేపో. ముందు 'వస' అని తెలిసింది. తర్వాత 'కరక్కాయ'. ఆ పైన 'తేనెలో అరగదీసి'. ఇక నా చూపుకంటే నా చేతులే ముందు చదివేశాయి. చంటిబిడ్డకు కడుపుబ్బితే ఏం పెట్టాలి, బాలింతకు సొంఠి ఎంత, పాలు కక్కితే ఏం చెయ్యాలి. మొదట్లో ఉన్న 'ప్రభువు' రాసినావిడ చేసుకున్న ప్రార్థన. చివరి పేజీలో పేరుంది: మంత్రసాని రాహేలు, దొరసానిగారి కోసం రాసింది.

నలుగురు బిడ్డల్ని ఆ మందులతోనే పెంచాను నేను. ఆయన అడగవలసిన మనిషినే అడిగారు. "ఉండండి, నిదానంగా చూస్తాను" అని ఒక్కమాట అని ఉంటే, వారం రోజులకైనా అంతా విప్పి చెప్పేదాన్ని. ఆయన ఎంత సంబరపడేవారో!

ఇప్పుడు పుస్తకాలన్నీ వేల్సులో ఒక లైబ్రరీకి వెళ్తాయట. నేను చెప్పిన అబద్ధం సంగతి అమ్మాయితో చెప్పాను.

"పోనీలే అమ్మా, టెన్షన్ పడకు. అంత దూరంలో అది తెలుగులో ఎవరు చదువుతారు?"

"అదేనే నా భయం. ఎవరూ చదవరు. ఆ చీటీనే నమ్ముతారు. రాహేలు పేరు ఇంకెప్పటికీ పైకి రాదు."

అమ్మాయి ఫోన్ తీసుకుని, ఆయన మేనకోడలుగారిని కలవడానికి టెర్మిన్, అదే అపాయింట్‌మెంట్, అడిగింది.

మీరు నన్ను పెద్దావిడని ముందు కుర్చీలో కూర్చోబెట్టి వాక్యం చదవమంటారు. ఇకనుంచి తడబడితే తడబడ్డానని చెబుతాను. ఆ చీటీని ఇంట్లోనే చెరిపేస్తే ఎవరికీ తెలియదు. అందుకే చెరపలేదు. పుస్తకం తువ్వాలులో ఉంది, పక్కన కొత్త రబ్బరు ముక్క ఉంది. కింద పుస్తకాలు ఇంకా అలాగే ఉన్నాయి గనుక చెంబుతోనే మెల్లగా పోసుకుంటున్నాను. మేనకోడలుగారు వచ్చేది వచ్చే నెల తొమ్మిదో తేదీ, గురువారం, ఉదయం పదింటికి.