నిమ్మకాయ ఎక్కిన మోరిస్

నా చేతుల్లో ఒకసారి ఘోరమైన కారు ప్రమాదం జరిగింది. కంగారుపడకండి, ఎవరికీ దెబ్బలు తగల్లేదు. ఆ కారు నా చూపుడువేలంత ఉంటుంది. దసరా పొద్దున, బెల్లంపల్లిలో మా ఇంటి ముందర, పక్కింటివాళ్లంతా చూస్తుండగా నిమ్మకాయను ఢీకొట్టింది. నడిపింది నేనే.

అప్పటికి నాకింకా పెళ్లి కాలేదు. మందుల షాపులో పనిచేసేవాణ్ని. జీతంలో మిగిలిందంతా పాతకాలపు ఇంగ్లండు కార్ల మీద పెట్టేవాణ్ని. అసలు కార్లు కావు లెండి. అచ్చం వాటిలాగే లోహంతో పోతపోసి, తలుపులు కూడా తెరుచుకునేలా చేసిన చిన్న నమూనాలు. అద్దాల బీరువాలో వాటిని వరసగా నిలబెట్టి, మెత్తటి గుడ్డతో తుడుస్తూ మురిసిపోయేవాణ్ని. మేం నాన్నను బాపు అనీ, అమ్మను అవ్వ అనీ పిలుస్తాం. బాపు బొగ్గుగనిలో చేసి రిటైరైన మనిషి. బీరువా ముందు నుంచి పోయినప్పుడల్లా ఒకటే పాట.

“మీసాలొచ్చినయ్, ఇంక బొమ్మలతోటి ఆడుతుండు.”

“బొమ్మలు కావు బాపూ. అసలు కార్లే. జర చిన్నగ చేసిన్రు, గంతే.”

“అయితె జర పెట్రోల్ పోస్కొని కూరగాయలు పట్కరాపో.”

ఆ బీరువాలో బాపు మర్యాద ఇచ్చింది ఒక్క తెల్ల మోరిస్ ఆక్స్‌ఫర్డ్‌కే. “గిది అంబాసిడర్ గద. మా జీఎం సాబ్ గిట్లాంటి దాంట్లనే వస్తుండె,” అనేవాడు. నిజానికి అంబాసిడర్‌కు ఇది తండ్రి. ఆ సంగతి చెప్తే, “తండ్రిని గట్ల అద్దాలల్ల పెట్టి మూసుడేంది రా,” అన్నాడు.

కరీంనగర్‌లో లక్ష్మీరాజం సారని రిటైరైన డ్రాయింగ్ మాస్టారు ఉన్నాడు. ఆయనకూ ఇదే పిచ్చి. ఆయన దగ్గర ఆకుపచ్చ స్పోర్ట్స్ కారొకటి ఉండేది. పైకప్పు లేనిది, రెండే సీట్లది. అది గుర్తొస్తే నాకు అన్నం సహించేది కాదు. బతిమాలగా బతిమాలగా సారు మెత్తబడ్డాడు. నేను మోరిస్ ఇస్తే తన ఆకుపచ్చది ఇస్తానన్నాడు. దసరాకు బెల్లంపల్లిలో చెల్లెలింటికి వస్తున్నాడు, సాయంత్రం జమ్మి ఇవ్వడానికి మా ఇంటికీ వస్తాడు. మార్పిడి అప్పుడే.

“ఒక్క గీత ఉండొద్దు ఓదెలూ,” అన్నాడు ఫోన్లో. “గీత ఉంటె తీస్కోను.”

“గీత కాదు సార్, వేలిముద్ర గూడ ఉండది.”

దసరా పొద్దున బాపు తన స్కూటరు కడిగి, పసుపు కుంకుమ పెట్టి, బంతిపూల దండ వేశాడు. చక్రాల కింద నిమ్మకాయలు పెడుతూ నావైపు చూశాడు.

“నీయి గూడ బండ్లే అంటివి గద. మరి పూజకు తేలే?”

ఇక్కడ నేను నవ్వి ఊరుకుని ఉంటే మీకు చెప్పుకోవడానికి ఏమీ ఉండేది కాదు. పక్కింటివాళ్లు కిసుక్కున నవ్వారు, నాకు రోషం పొడుచుకొచ్చింది. లోపలికి పోయి మోరిస్‌నే పట్టుకొచ్చాను. బాపు లెక్కలో కారంటే అదొక్కటే కదా.

“సాయంత్రం సారుకిచ్చేది గదే గదరా?” అంది అవ్వ.

“ఏం కాదవ్వా. జర బొట్టు పెట్టు, తర్వాత తుడుస్త.”

అవ్వ పసుపు వేలు ఒక్కసారి ఆనిస్తే బానెట్ నిండిపోయింది. కుంకుమ పెడితే ముందు అద్దం మూసుకుపోయింది. ఒక్క బంతిపువ్వు పెడితే కారే కనపడలేదు. అక్కడ ఆగినా బతికిపోయేవాణ్ని.

“నిమ్మకాయ తొక్కియ్యకుంటె పూజెట్లయితది?” అన్నాడు బాపు.

ఆయన స్కూటరు కాయల్ని పచ్చడి చేసి దర్జాగా ముందుకు పోయింది. మిగిలిన కాయను తెచ్చి నా మోరిస్ ముందు పెట్టాడు. కారు కన్నా కాయే ఎత్తుగా ఉంది. నెట్టాను, కాయ దొర్లింది. మళ్లీ నెట్టాను, మళ్లీ దొర్లింది.

“నీకు డ్రైవింగ్ వస్తలేదు రా.”

అంతే, నాకు ఒళ్లు మండింది. కాయను ఒక చేత్తో పట్టుకుని, కారును దాని మీదికెక్కించి, అరచేత్తో ఉన్న బలమంతా పెట్టి ఒత్తాను. టక్కుమంది. కాయకు ఏమీ కాలేదు. కారు ముందు ఇరుసు విరిగి, ఒక చక్రం ఎగిరి పక్కనున్న మురికినీళ్ల మోరీలో పడింది.

“యాక్సిడెంటైంది,” అన్నాడు బాపు, నెమ్మదిగా.

సాయంత్రం దాకా పసుపు కడుగుతూనే ఉన్నాను. కడిగినకొద్దీ పాకింది. చక్రం దొరకలేదు. సారు రానే వచ్చాడు. జమ్మి ఆకు చేతిలో పెట్టి, అలయ్ బలయ్ అంటూ కౌగిలించుకుని, ఆకుపచ్చ కారును బల్ల మీద పెట్టాడు. పక్కన నేను మోరిస్‌ను పెట్టాను. అది ఒక పక్కకు ఒరిగి కూలబడింది.

“గిదేంది ఓదెలూ?”

“పూజ చేసినం సార్.”

“మరి చక్రమేది?”

“నిమ్మకాయ తొక్కిస్తుంటె పోయింది.”

సారు కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాడు. ఆకుపచ్చ కారును తీసి సంచిలో పెట్టుకున్నాడు.

“ఇగ ఇది పిల్లలాడుకునే బొమ్మ. నాకెందుకు?”

నాకు ఏడుపొక్కటే తక్కువ. అప్పుడు కుర్చీలోంచి బాపు లేచాడు.

“సారూ, పెద్దోళ్లు మీరు, ఏమనుకోకున్రి. అది దసరా పూజైన బండి. యాక్సిడెంటైతె షెడ్డుకు తోల్తం గని బొమ్మంటమా? అది అసలు కారు. జర చిన్నగ చేసిన్రు, గంతే.”

ఆకుపచ్చ కారు కరీంనగర్ వెళ్లిపోయింది. మరునాడు బాపు కట్టెతో మోరీ అంతా కెలికి చక్రం పట్టుకొచ్చాడు. స్కూటరు బ్రేకు తీగ ముక్కతో దాన్ని బిగించాడు. కొంచెం కుంటుతుంది, అయినా ఇప్పటికీ బీరువాలో ముందు వరస దానిదే. బాపు నోట మళ్లీ బొమ్మలన్న మాట రాలేదు.

అందుచేత నిండు మనసుతో ప్రమాణం చేస్తున్నాను. ఎవరెంత రెచ్చగొట్టినా ఈ జన్మలో నిమ్మకాయ మీదికి కారు ఎక్కించను. మొన్న దసరాకు బాపు నన్నడక్కుండానే బీరువా తెరిచి, కార్లన్నీ పళ్లెంలో పెట్టుకుని వాకిట్లోకి నడిచాడు. ఇంకో చేతిలో పొట్లం.

“ద్రాక్షపండ్లు తెచ్చిన రా. నీ బండ్లకు గివే నిమ్మకాయలు.”

నేనైతే ఒట్టు మీదున్నాను కాబట్టి, ఆ రోజు డ్రైవింగంతా ఆయనే చేశాడు.